ఉపన్యాసం తప్పా ఒప్పా అన్నది కాదు, రాజీనామా ఎలా వచ్చిందన్నదే కేసు

ప్రశ్న: వరంగల్ జిల్లాలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఒక స్టేట్ సిలబస్ ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్లుగా ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి మూఢనమ్మకాల మీద మాట్లాడే ఒక వక్తను పిలిచాం. రెండు రోజుల ముందే స్కూలు పేరుతో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు సర్క్యులర్ కూడా వెళ్లింది. గాలిలోంచి విభూతి తీయడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం ఆయన చేసి చూపారు. తమ భక్తిని కించపరిచారంటూ కొందరు తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. మార్చి 4న కరస్పాండెంట్, ప్రిన్సిపాల్ నన్ను గదిలో కూర్చోబెట్టి, అనుమతి లేకుండా వక్తను పిలిచానని క్షమాపణ, దానితో పాటు రాజీనామా రాయించుకున్నారు. రాయకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. నెల దాటినా రిలీవింగ్ లెటర్ లేదు, సర్టిఫికెట్లూ లేవు. ఎలాంటి క్లెయిమూ లేదని రాసిస్తే ఇస్తారట. బాధతో గ్రూపుల నుంచి బయటికి వచ్చి చాట్‌లన్నీ తీసేశాను. ఆ రోజు గదిలో మాటలు మాత్రం ఫోన్‌లో రికార్డయ్యాయి. యూట్యూబ్ ఛానల్‌కు ఇచ్చేద్దామని మా తమ్ముడు అంటున్నాడు. శాస్త్రీయ దృక్పథం పెంచడం రాజ్యాంగం చెప్పిన విధి కదా, హైకోర్టులో రిట్ వేయవచ్చా?

జవాబు: మీ ప్రశ్న చివరికి ఆ వక్తను పిలవడం రాజ్యాంగం ప్రకారం సబబేనన్న వాదన దగ్గరే ఆగింది. 51ఏ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చిన మాట నిజమే కానీ, ఒక ప్రైవేటు యాజమాన్యం దగ్గర మీ ఉద్యోగాన్ని నిలబెట్టే హక్కు దానినుంచి పుట్టదు. కోర్టు తేల్చవలసింది ఒక్కటే: మార్చి 4న మీరు రాసిచ్చిన రాజీనామా మీ ఇష్టప్రకారం ఇచ్చినదా, కాదా?

ఎందుకంటే, తెలంగాణలోనూ అమలులో ఉన్న 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు విద్యాసంస్థలోని ఉపాధ్యాయులను అభియోగాలు తెలియజేసి, వాదన వినిపించుకునే అవకాశమిచ్చి, విచారణ జరిపిన తర్వాతే తొలగించాలి. తల్లిదండ్రులకు కోపం వచ్చిందన్నది దానంతట అదే అభియోగం కాదు. యాజమాన్యానికి నిజంగా అభ్యంతరం ఉంటే మెమో ఇచ్చి, సంజాయిషీ అడిగి, విచారణ పెట్టవలసింది. వాళ్లు ఆ దారి తొక్కకుండా మీ చేతనే కాగితం రాయించుకున్నారు, ఎందుకంటే రాజీనామా చేసినవారిని ఎవరూ తొలగించినట్టు కాదు. ఆ కాగితం నిలిచినంతకాలం 79వ సెక్షన్ గానీ, 80వ సెక్షన్ కింద అప్పీలు గానీ మీకు అక్కరకు రావు.

మీరు ఒక్క వాక్యంలో దాటవేసిన విషయమే మీ కేసుకు ప్రాణం. కాంట్రాక్టు చట్టం 15వ సెక్షన్ ఒకరి ఆస్తిని అక్రమంగా అట్టిపెట్టుకోవడాన్ని, అట్టిపెట్టుకుంటామని బెదిరించడాన్ని కూడా బలవంతం కిందే లెక్కగడుతుంది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఆస్తి. రాయకపోతే అవి ఇవ్వమన్న మాట రుజువైతే, అలా ఇచ్చిన సమ్మతిని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షన్ మీకు ఇస్తుంది. గదిలో మీరు ఎంత ఏడ్చారన్నది కాదు, ఆ మాట ఎవరు, ఏ పదాలతో అన్నారన్నది రికార్డింగ్‌లో వినిపించాలి.

ఇక మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. అనుమతి లేకుండా పిలిచానని మీ చేతిరాతతోనే ఒప్పుకోలు ఇచ్చారు, ఆ ఒప్పుకోలు అబద్ధమని చూపగల సర్క్యులర్‌ను మీ చేతులతోనే తుడిచేశారు. చదువుకున్నవారు, అందులోనూ ప్రయోగానికి రికార్డు రాయమని పిల్లలకు నేర్పేవారు చేయవలసిన పని కాదది. ఇప్పుడైనా ఆ గ్రూపులో ఉన్న తల్లి గానీ తండ్రి గానీ, లేదా తోటి ఉపాధ్యాయులు గానీ ఒకరిద్దరిని పట్టుకుని, సందేశాన్ని తేదీతో సహా భద్రపరచమని అడగండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు కాపీతో పాటు, దాన్ని ఏ పరికరంలోంచి ఎలా తీశారో ధ్రువీకరించే సర్టిఫికెట్ దాఖలు చేయాలి. రికార్డింగ్ ఉన్న ఫోన్‌ను మార్చవద్దు, రీసెట్ చేయవద్దు, ఆ ఫైలును కత్తిరించవద్దు.

యూట్యూబ్ ఆలోచన వెంటనే మానుకోండి. ఆ రికార్డింగ్ కోర్టుకు చేరేలోపు బజారుకెక్కితే, మార్చిన ఫైలని వాదించే వీలు అవతలివారికి మీరే ఇస్తారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసును అదనంగా కొని తెచ్చుకుంటారు. దానికి రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష పడవచ్చు. మీరు చెప్పింది నిజమేనన్నది అక్కడ మీరు రుజువు చేసుకోవలసిన వాదన మాత్రమే, కేసు రాకుండా ఆపే కవచం కాదు.

రిట్ కూడా ఇప్పుడు దగ్గరి దారి కాదు. ప్రభుత్వ నిధులు అందని (అన్‌ఎయిడెడ్) ప్రైవేటు స్కూలుకూ ఉద్యోగికీ మధ్య కేవలం కాంట్రాక్టు మీద నడిచే సేవా వివాదంలో రిట్ నిలవదని సుప్రీంకోర్టు 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసులో చెప్పింది. చట్టమే తొలగింపును నియంత్రించే చోట కొంత వెసులుబాటు ఉంది గానీ, బలవంతం జరిగిందా లేదా అన్నది సాక్షులను విచారించి తేల్చే సంగతి కాబట్టి హైకోర్టు మిమ్మల్ని సివిల్ కోర్టుకు పొమ్మనే అవకాశమే ఎక్కువ. లేబర్ కోర్టు సంగతి కొందరు చెబుతారు. ఉపాధ్యాయులు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని 1988లోనే సుందరాంబాళ్ కేసులో తేలింది.

మీరు చేయవలసిన మొదటి పని రాజీనామా ఉపసంహరణ లేఖ, అదీ ఈ వారంలోనే. అంగీకరించకముందు రాజీనామాను వెనక్కి తీసుకోవచ్చన్నది స్థిరపడిన సూత్రం. మీకు రిలీవింగ్ లెటర్ రాలేదు కాబట్టి ఆ అవకాశం ఇంకా మిగిలి ఉండవచ్చు. అయితే అంగీకారం మీకు తెలియజేయకపోయినా, ఉపసంహరణకు ముందే నిజంగా అంగీకరించి ఉంటే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2003లో ఒక కేసులో చెప్పింది. అందువల్ల మీరు ఆలస్యం చేసిన ప్రతి రోజూ పాత తేదీ వేసి ఒక తీర్మానం సృష్టించుకునే సౌకర్యం వాళ్లకు దొరుకుతుంది. కరస్పాండెంట్‌కూ, స్కూలు నడిపే సొసైటీ ఉంటే దాని కార్యదర్శికీ లేఖను స్పీడ్ పోస్టులో, అదే రోజు ఈమెయిల్‌లో పంపి, ఒక కాపీ జిల్లా విద్యాశాఖాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. సర్టిఫికెట్లు ఇవ్వబోమని బెదిరించి రాయించారని, అనుమతి లేదన్న మాట నిజం కాదని, సర్క్యులర్ స్కూలే పంపిందని, విధుల్లో చేరడానికి సిద్ధంగా ఉన్నానని, సర్టిఫికెట్లు వెంటనే ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉండాలి. వక్త గొప్పతనం గురించి ఒక్క ముక్క కూడా రాయవద్దు.

క్లెయిము లేదన్న కాగితం మీద ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టకండి. ఒత్తిడితో రాసింది ఒకసారి అని నమ్మించవచ్చు, రెండోసారి నమ్మించడం చాలా కష్టం. బతుకుతెరువు కోసం వేరే స్కూల్లో చేరవలసి వస్తే, ఈ లేఖ వెళ్లిన తర్వాతే చేరండి.

జవాబు రాకపోతే, రాజీనామా చెల్లదని ప్రకటించమని, రావలసిన జీతం, నష్టపరిహారం, సర్టిఫికెట్లు ఇప్పించమని సివిల్ దావా వేయాలి. ప్రకటన కోరే దావాకు లిమిటేషన్ చట్టం 58వ ఆర్టికల్ కింద గడువు మూడేళ్లు. ఆ మూడేళ్లను చూసుకుని కూర్చోకండి. బలవంతం జరిగిందనే మనిషి నెలల తరబడి నోరు మెదపకపోతే ఆ మౌనమే ఎదుటివారి ప్రధాన సాక్ష్యమవుతుంది. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనే ఆదేశం సివిల్ కోర్టు నుంచి తేలిగ్గా రాదని కూడా ముందే తెలుసుకోండి. జీతం, పరిహారం, సర్టిఫికెట్ల విషయంలో మాత్రం మీ స్థితి బలంగా ఉంది. లాయరు ఫీజుకు వెనుకాడుతుంటే, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది, మీరు మహిళ అయితే దాన్ని వాడుకోండి. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి నియామక పత్రం, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఉపసంహరణ లేఖ రసీదులు, ఆ ఫోను తీసుకుని వెళ్లండి.