సారె మీద కర్ర ఎలా పడుతుందో రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సెకనుకు 642 సార్లు తిరిగే నక్షత్రం అంటూ మొదలుపెట్టి, వెంటనే ‘అద్భుతం’, ‘ఊహకందనిది’ అని నాలుగు వాక్యాలు నడిపావు. అవి కొట్టెయ్. చదివేవాడు అడిగేది ఒక్కటే: దాన్ని అంత జోరుగా తిప్పిందెవరు?

చిన్నప్పుడు మా ఊళ్లో కుమ్మరి సారె తిప్పుతుంటే గంటలకొద్దీ చూసేవాణ్ణి. అంచు దగ్గరి గుంటలో కర్ర పెట్టి గిరగిరా తిప్పి వదిలేవాడు. కుండ సగమయ్యేసరికి వేగం తగ్గేది. మళ్లీ కర్ర అందుకునేవాడు. నీ నక్షత్రం న్యూట్రాన్ నక్షత్రం, అంటే పెద్ద నక్షత్రం పేలాక మిగిలిన చిన్న, చిక్కటి గోళం. అదీ అంతే. పుట్టినప్పటి జోరు కోట్ల ఏళ్లలో తగ్గిపోతుంది. దానితో జంటగా తిరిగే తోడు నక్షత్రం ఉంటే, అది వయసు మళ్లి ఉబ్బాక దాని వాయువు ఇటు జారుతుంది. జంట తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ వాయువు తిన్నగా పడదు. పళ్లెంలా చుట్టుకుని, సుడి తిరుగుతూ దిగి, తన ఊపంతా నక్షత్రానికి ఇస్తుంది. అదే కర్ర.

నువ్వు వదిలేసింది న్యూట్రాన్ నక్షత్రపు అయస్కాంత క్షేత్రం. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అది, అందుకే ఇంత పట్టుబడుతున్నాను. చేయి ఎంత వేగంగా కదిలితే సారె అంతే తిరుగుతుంది, అంతకు మించదు. క్షేత్రం బలంగా ఉంటే వాయువును దూరంలోనే ఆపేస్తుంది. అక్కడ వాయువు చుట్టూ తిరిగే వేగం తక్కువ. క్షేత్రం వేల రెట్లు బలహీనపడితే పళ్లెం దాదాపు నక్షత్రం దాకా వస్తుంది. అక్కడ వాయువు సెకనుకు వందల చుట్లు తిరుగుతుంది. సుమారు 20 కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ గోళం మిల్లీసెకను వేగం, అంటే సెకనులో వెయ్యో వంతు లెక్కలో ఒక చుట్టు తిరిగే వేగం, అందుకునేది అప్పుడే.

ఇంకో చిక్కు. 1982లో దొరికిన నీ 642 నక్షత్రానికి తోడే లేదు! చదివేవాడు తప్పకుండా పట్టుకుంటాడు. అయినా అది ఒకప్పుడు జంటలో ఉండే వేగం పుంజుకుందని ఆ ఏడాదే బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన రాధాకృష్ణన్, శ్రీనివాసన్ అన్నారు. అమెరికాలో ఆల్పర్ అనే శాస్త్రవేత్త బృందం కూడా అదే చెప్పింది. ఈ సంగతి రాయి. 1998లో, వాయువు ఇంకా పడుతుండగానే సెకనుకు 401 సార్లు తిరిగే నక్షత్రం ఎక్స్‌రేల్లో దొరికాక ఆ మాటకు బలమొచ్చింది.

జె1023+0038 అనే, తోడున్న న్యూట్రాన్ నక్షత్రం గురించి నువ్వు ఒక్క ముక్కే రాశావు. 2001లో దాని చుట్టూ పళ్లెం కనిపించింది. తర్వాత పళ్లెం పోయి రేడియో పల్సార్‌గా, అంటే తిరుగుతూ రేడియో స్పందనలు పంపే నక్షత్రంగా, దొరికింది. 2013లో రేడియో స్పందనలు ఆగిపోయి, పళ్లెం మళ్లీ వచ్చింది. కర్ర పడటం, ఆగడం ఒకే నక్షత్రంలో కనిపించింది కాబట్టి వ్యాసం అక్కడ మొదలుపెట్టు. శనివారానికల్లా తిరగరాసి పంపు, రాత్రే చదువుతాను.

మీ అన్నయ్య