విదేశాల్లో ఉన్న భారతీయులు అక్కడి నుంచే ఓటు వేయొచ్చా?

వేయలేరు, భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైకి ఓటు హక్కు ఉంది గానీ, పోలింగ్ రోజున తన బూత్‌కి స్వయంగా వచ్చి వేయాల్సిందే.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2010 సవరణ ద్వారా చేర్చిన 20ఎ సెక్షన్ వాళ్లకు ఓటరు జాబితాలో చోటిచ్చింది, అంతే. పోస్టల్ బ్యాలెట్ గానీ ప్రాక్సీ (తన బదులు మరొకరితో ఓటేయించే వీలు) గానీ ఇవ్వలేదు. ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ గడప దాటింది కానీ, రాజ్యసభలో ఆమోదం పొందకముందే 2019లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది.

డాలస్‌లో హెచ్‌1బీ మీద పనిచేసే ఒకాయన పాస్‌పోర్టులో తెనాలి చిరునామా ఉందనుకుందాం. ఆన్‌లైన్‌లో ఫారం 6ఎ పెడితే తెనాలి జాబితాలోనే పేరు చేరుతుంది. ఓటరు కార్డు ఇవ్వరు. బూత్‌లో ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి, జిరాక్స్ తెస్తే కుదరదు. 2024 ఎన్నికల్లో ఓటేయాలంటే ఆయన మే 13న తెనాలిలో ఉండాలి. విమానం టికెట్టు, సెలవు అన్నీ సొంత ఖర్చే, అందుకే జాబితాలో పేరున్నవాళ్లలోనూ చాలామంది రారు.

‘ఎంబసీకి వెళ్తే వేయనిస్తారట’ అనే మాట ప్రతి ఎన్నికలకీ తిరుగుతుంది. నిజానికి ఎంబసీలో పోలింగే ఉండదు. విదేశాల్లో పోస్టింగ్ మీద ఉన్న ప్రభుత్వోద్యోగులు సర్వీసు ఓటర్లు కాబట్టి వాళ్లకు ఆన్‌లైన్‌లో బ్యాలెట్ వస్తుంది. ప్రింట్ తీసి, ఓటేసి పోస్టులో పంపుతారు. ఇక అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకైతే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా ఇక్కడ ఓటు లేదు.