మూడో గుండు ఇప్పుడే వద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, మా పాపకు మూడేళ్లు. పుట్టినప్పుడు జుట్టు బాగానే ఉంది. ఆర్నెల్లకే అదంతా రాలిపోయింది. తర్వాత వచ్చింది అంగుళం దాటట్లేదు. పొద్దున్నే దిండు నిండా ముక్కలే. వాడపల్లిలో రెండుసార్లు గుండు చేయించాం. మూడోది కూడా చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా అత్తగారు అంటున్నారు. గుంటగలగరాకు నూనె రోజూ రాస్తున్నాం. మా వారికీ చిన్నప్పుడు ఇంతేనట. మాది మేనరికం కాదు. తిండి చాలకా?
– ఒక తల్లి, రాజోలు దగ్గర

జవాబు: అమ్మా, మీ వారి సంగతి చివర్లో రాశారు గానీ, నాకు ముందు కావాల్సింది అదే. రెండోది, మీరు ‘ముక్కలు’ అన్నారు. అంటే ఊడడం కాదు, విరగడం. పాప మెడ వెనక వేలితో తడిమి చూడండి. ఈకలు పీకిన కోడి తోలులా గరుగ్గా తగిలితే నా అనుమానం మోనిలెత్రిక్స్ మీదే. ఇందులో వెంట్రుక పూసలు గుచ్చిన దారంలా ఉంటుంది. పూస దగ్గర మామూలు లావే, పూసకీ పూసకీ మధ్య సన్నం. అక్కడే పుటుక్కుమంటుంది. వెంట్రుకకు బలమిచ్చే కెరాటిన్ తయారీలో లోపం ఇది. తిండి వల్ల కాదు, మీ తప్పూ కాదు.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి కాన్పులోనూ సగానికి సగం అవకాశం. మేనరికాల్లో ఎక్కువగా కనిపించే మరో రకం ఉంది గానీ, మీ ఇంటి లెక్క దానికి సరిపోదు.

దీన్ని మాన్పే మందు లేదు. పెద్దయ్యాక కొందరికి కాస్త మెరుగవుతుంది. ఈలోగా వెడల్పు పళ్ల దువ్వెన వాడండి, తడి జుట్టు దువ్వకండి. నూనె అద్దండి చాలు, రుద్దకండి. పండక్కి పూలజడ ముచ్చటపడి సవరం బిగించారో, ఉన్నదీ పోతుంది. బయోటిన్ అనే విటమిన్ లోపం లేని పిల్లకి దాని సిరప్ దండగ.

గుండు సంగతంటారా, మొక్కు ఉంటే తీర్చుకోండి, స్వామితో నాకు పేచీ లేదు. కత్తి తీసేది పైన ఉన్న పోచనే. కుదురు చర్మం లోపల ఉంటుంది. కొసలు మొండిగా ఉండి ఒత్తుగా అనిపిస్తుందంతే.

ఇది చదివే మిగతా తల్లులకు ఒక మాట. నెలల మగబిడ్డకి జుట్టు తెల్లబారి, తీగలా మెలి తిరిగి, మెడ నిలబడక, ఫిట్స్ వస్తుంటే అది రాగి ఒంటికి పట్టని మెంకీస్ జబ్బు కావచ్చు. జుట్టు రాలుతూ ఒంటి మీద దద్దుర్లు, ఫిట్స్ ఉంటే బయోటినిడేజ్ లోపం కావచ్చు, అంటే బయోటిన్‌ను ఒంటికి అందించే ఎంజైమ్ తక్కువవడం. దీనికి మాత్రం రోజూ బయోటిన్ వేస్తే బిడ్డ నిలబడుతుంది. ఈ రెండింట్లో ఏది అనిపించినా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

మీకు అంత తొందర లేదు. కాకినాడ పెద్దాసుపత్రి చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. దిండు మీది ముక్కలు కాగితంలో మడిచి పట్టుకెళ్లండి, మీ వారినీ వెంట తీసుకెళ్లండి. మూడో గుండు ఆ తర్వాతే. భూతద్దం కింద పెట్టి చూడ్డానికి నాలుగు వెంట్రుకలైనా ఉండాలిగా!