ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి కట్టెందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. బైకు జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. ఎక్స్‌రేలో విరిగినట్టేమీ లేదంటూనే డాక్టరుగారు బొటనవేలు కూడా కలిపి పిండికట్టు వేశారు. 12 రోజులకు మళ్లీ ఫోటో తీయించమన్నారు. ఇంట్లోవాళ్లేమో పుత్తూరు కట్టుకు తీసుకెళ్లమంటున్నారు. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, కావలి)

జవాబు: డాక్టరుగారి అనుమానం స్కాఫాయిడ్ మీద. మణికట్టులో బొటనవేలి వైపు జీడిపప్పు ఆకారంలో ఉండే చిన్న ఎముక అది. బొటనవేలు పైకెత్తి చూడండి, దాని మొదట్లో రెండు తాళ్ల మధ్య గుంట పడుతుంది. పెద్దవాళ్లు ముక్కుపొడుం పోసుకునే చోటు. పడ్డాక ఆ గుంటలో నొక్కితే ప్రాణం జివ్వుమందంటే, ఫోటో బాగున్నా సరే, విరిగిందనే అనుకుని కట్టు వేయడం పద్ధతి.

ఎముక నెర్రె ఇచ్చినా ముక్కలు పక్కకు జరగకపోతే, కిరణం ఆ నెర్రె వెంబడే దూరితే తప్ప ఫిల్ము మీద గీత పడదు. అందుకే మణికట్టుకు మామూలుగా తీసే రెండు ఫోటోలు ఇక్కడ చాలవు. ఏటవాలుగా ఒకటి, చేతిని చిటికెనవేలి వైపు వంచి మరొకటి తీయాలి. మీ దగ్గర రెండే ఉంటే ఈసారి అడిగి నాలుగూ తీయించండి. 10 నుంచి 14 రోజుల్లో విరిగిన అంచులు కాస్త కరిగి నెర్రె వెడల్పవుతుంది, అప్పుడు దొరుకుతుంది. అన్నాళ్లు ఆగలేనంటే ఎమ్మారై మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది. ముక్కలు ఎంత ఎడమయ్యాయో కొలవడానికి సీటీ మేలు. 1 మిల్లీమీటరు దాటితే స్క్రూ మాట వస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఎముకకు నెత్తురు ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి పారుతుంది. ఈ ఎముక నడుము దగ్గర, అంటే మధ్యలో విరిగిందా, ముంజేతి వైపు ముక్క కాలవ తెగిన చివరి మడిలా ఎండిపోవచ్చు.

పుత్తూరు సంగతంటారా, జరగని ఎముకను చేత్తో సరిచేయడానికేమీ ఉండదు. విరిగిందని తేలితే 8 నుంచి 12 వారాలు కదలకుండా ఉంచడమే వైద్యం. నూనె రాసి తోమించడం మాత్రం వద్దే వద్దు.

ప్రశ్న: మా బాబుకి 11 ఏళ్లు. మణికట్టు ఎక్స్‌రే రిపోర్టులో ‘సాల్టర్ హారిస్ టైప్ 2’ అని రాశారు. రెండు ముక్కలైందనా?
(ఒక తండ్రి, చీమకుర్తి)

జవాబు: ముక్కల లెక్క కాదది. పిల్లల ఎముక చివర పెరుగుదల పొర ఉంటుంది. మెత్తని పొర కాబట్టి ఎక్స్‌రేలో నల్లటి గీతలా కనబడుతుంది, దాన్ని చూసే విరిగిందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. ఆ పొరను తాకిన విరుపులను 1963లో సాల్టర్, హారిస్ 5 రకాలుగా విడదీశారు. 2వ రకంలో విరుపు పొర వెంబడి వెళ్లి, ఎముక కాడ వైపు చిన్న మూల ముక్కను పట్టుకొస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. కీలులోకి దిగదు గనుక చాలావరకు కట్టుతోనే అతుకుతుంది. 3, 4 రకాలు కీలులోకి దిగుతాయి, వాటికి తరచూ ఆపరేషన్ కావాలి. 5వది పొర నలిగిపోవడం, మొదటి ఫోటోలో తెలియకపోవచ్చు.

వారానికోసారి ఎక్స్‌రే తీయమంటే డబ్బుల కోసం అనుకోకండి, కట్టులోపలే ఎముక జారే రోజులవి. జారిన సంగతి ఆలస్యంగా తెలిస్తే మళ్లీ లాగి సరిచేయడం ఆ పొరకే దెబ్బ. కట్టు వేశాక వేళ్లు నీలంగా మారినా, మొద్దుబారినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి కట్టు విప్పించండి.