చిన్న పాప, పిల్లి ఉన్న ఇంటికి రేసుల నుంచి విరమించిన గ్రేహౌండ్ సరిపోతుందా?

మెల్‌బోర్న్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నామనీ, ఐదేళ్ల పాప, ఒక పిల్లి ఉన్న ఇంటికి పందేలు మానేసిన గ్రేహౌండ్‌ను తెచ్చుకోవచ్చా అనీ, అంత వేగంగా పరుగెత్తే కుక్కకు రోజూ ఎంత వ్యాయామం కావాలి అనీ అడిగారు. నేను ఈ నగరపు పశ్చిమ శివార్లలో ఉంటున్నాను. ఇలాంటి కుక్కలకు శాశ్వతమైన ఇల్లు దొరికేలోగా కొంతకాలం మా ఇంట్లో ఉంచుకుని, ఇంటి వాతావరణానికి అలవాటు చేసి పంపుతుంటాను. అలా వచ్చిన మల్లి అనే ఆడకుక్క మాతోనే ఉండిపోయింది. పాప ఉన్నందుకు మీరు వెనకాడనక్కరలేదు. పిల్లి సంగతి మాత్రం ఏ కుక్కకు ఆ కుక్కను చూసి నిర్ణయించుకోవలసిందే.

వ్యాయామం గురించి మీరు పడుతున్న భయం అక్కరలేదు. గంటకు 65 కిలోమీటర్లకు పైగా వేగాన్ని అందుకునే ఈ జాతి ఆ వేగంతో పరుగెత్తేది అర నిమిషం లోపే, ఆ తరువాత రోజులో ఎక్కువ భాగం పడుకునే గడుపుతుంది. ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు నడిపిస్తే చాలు.

అసలు తెలుసుకోవలసింది ఆ కుక్క ఇంతవరకు ఎలా బతికిందన్నది. సుమారు ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో పందేలకు దిగిన గ్రేహౌండ్ సాధారణంగా నాలుగైదేళ్లు వచ్చేసరికి విరమిస్తుంది. పన్నెండేళ్ల దాకా బతికే జాతి కనుక సగానికి పైగా ఆయుష్షు ఇంకా మిగిలే ఉంటుంది, కాని గడిచిన కాలమంతా కుక్కలను ఉంచే కెన్నెల్‌లోనూ, వాహనంలోనూ, పందెపు మైదానంలోనూ గడిచిపోయి ఉంటుంది. మెట్లు, నున్నటి నేల, అద్దాల తలుపు, వాక్యూమ్ క్లీనర్ చప్పుడు, ఇవేవీ దానికి తెలియవు. మల్లి మా వంటగది గుమ్మం దాకా వచ్చి, ముందు కాలు టైల్ మీద మోపి, గోళ్లు జారగానే నాలుగు కాళ్లూ ఎడంగా చాపి, వెనక్కి తిరగడం కూడా చేతకాక వణుకుతూ నిలబడిపోయేది. కింద రబ్బరు ఉన్న చాపలను వరుసగా పరిచి, రోజులు గడిచేకొద్దీ వాటి మధ్య దూరం పెంచుతూ వచ్చాము. మెట్ల దగ్గర ఒకరు వెనుక నిలబడి, ఒక్కొక్క పాదాన్నీ చేత్తో ఎత్తి తరువాతి మెట్టు మీద పెట్టవలసి వచ్చేది. మీ ఇంటికి పెద్ద అద్దాల తలుపులుంటే, దాని కళ్ల ఎత్తులో రంగు కాగితాలు అతికించండి. అద్దం ఉందని తెలియక పరుగున వెళ్లి గుద్దుకుంటే గట్టి దెబ్బే తగులుతుంది, పైగా ఈ జాతి చర్మం పలచనిది కనుక చిన్న గీతకే చీరుకుపోతుంది.

పాపకు నేర్పవలసిన మొదటి నియమం కూడా కెన్నెల్ బతుకు నుంచే వస్తుంది. నిద్రపోతున్న కుక్కను తాకకూడదు, దాని పరుపు మీదికి ఎక్కకూడదు. ఎవరూ ముట్టుకోని చోట ఒంటరిగా నిద్రపోవడానికి అలవాటు పడ్డ కుక్క, నిద్రలో చేయి తగిలితే ఉలిక్కిపడి పళ్లు చూపవచ్చు, కరవనూవచ్చు. కొన్ని గ్రేహౌండ్లు కళ్లు తెరిచే నిద్రపోతాయి కనుక, దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, అది తల ఎత్తాకే దగ్గరకు వెళ్లడం పాపకు అలవాటు చేయాలి. పాప, కుక్క ఒకే గదిలో ఉన్నప్పుడు పెద్దవాళ్లెవరో ఒకరు అక్కడే ఉండాలి.

ఇక పిల్లి సంగతి. కదిలే వస్తువును కంటితో పట్టి తరమడం ఈ జాతిలో తరతరాలుగా పెంచిన గుణం, పందేలు దాని మీదనే నడుస్తాయి. అయినా పిల్లులతో హాయిగా కలిసి ఉండే గ్రేహౌండ్లు ఉన్నాయి, వాటిని వెతికి పట్టుకోవాలి. దత్తత ఇచ్చేవారిని పిల్లితో పరీక్షించారా అని అడగండి. వీలైతే ఆ పరీక్షను దగ్గరుండి చూడండి. పిల్లిని చూసి, మనం పిలవగానే మొహం తిప్పుకునే కుక్క నేర్చుకోగలదు. చెవులు నిక్కబొడుచుకుని, ఒళ్లంతా బిగుసుకుని, పేరు పెట్టి పిలిచినా, ముక్కు ముందు మాంసం ముక్క పెట్టినా చూపు మరల్చని కుక్క ఎంత సాధువైనా మీ ఇంటికి తగదు. పరీక్షలో నెగ్గిన కుక్కకైనా తొలి వారాల్లో మూతికి చిక్కం వేసి, మెడకు తాడు కట్టిన తరువాతే పిల్లి ముందుకు తేవాలి. ఇంట్లో పిల్లిని పట్టించుకోని కుక్కే పెరట్లో పరుగెత్తే పిల్లిని తరమవచ్చు, ఆ సంగతి మరవకండి.

మెల్‌బోర్న్ ఉన్న ఈ విక్టోరియా రాష్ట్రంలో పెంపుడు గ్రేహౌండ్లకు బహిరంగ స్థలాల్లో చిక్కం తప్పనిసరి అన్న నిబంధన 2019 జనవరి 1 నుంచి తొలగిపోయింది, కాని తాడు లేకుండా తిప్పడానికి మాత్రం ఇప్పటికీ వీల్లేదు. నాకు ఇది సరైన చట్టమే అనిపిస్తుంది. కుందేలు కనబడి పరుగందుకున్న కుక్కకు మీ పిలుపు వినబడదు, రోడ్డూ కనబడదు. దీని తల మెడ కంటే సన్నగా ఉంటుంది కనుక మామూలు పట్టీ ఇట్టే ఊడి వస్తుంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకునే వెడల్పాటి మార్టింగేల్ కాలరే వాడండి.

ఇన్ని కుక్కలకు ఇళ్లు ఎందుకు వెతకవలసి వస్తోందో కూడా చెప్పాలి. 2015లో ఇక్కడి టీవీ పరిశోధన ఒకటి, బతికున్న జంతువులను ఎరగా కట్టి గ్రేహౌండ్లకు తర్ఫీదు ఇస్తున్న దృశ్యాలను బయటపెట్టింది. ఆ తరువాత న్యూ సౌత్ వేల్స్‌లో మాజీ న్యాయమూర్తి మైకేల్ మెక్‌హ్యూ విచారణ జరిపి, ఆ ఒక్క రాష్ట్రంలోనే పన్నెండేళ్లలో 48,891 నుంచి 68,448 దాకా గ్రేహౌండ్లను పందేలకు పనికిరావని చంపివేశారని 2016లో అంచనా వేశారు. ఆ అంకెను చదివినప్పటి నుంచి నాకు మనసులో నుంచి పోలేదు. అక్కడి ప్రభుత్వం ఆ ఏడాదే నిషేధం ప్రకటించి, కొన్ని నెలలకే వెనక్కి తీసుకుంది. కాన్‌బెర్రా ప్రాంతంలో మాత్రం 2018లో పందేలు నిషేధించారు. విక్టోరియాలో పందేలు నడిపే సంస్థే 1996 నుంచి దత్తత కార్యక్రమాన్ని కూడా నడుపుతోంది, దానికి తోడు స్వచ్ఛంద బృందాలూ ఉన్నాయి. పందేలను వ్యతిరేకిస్తూనే వాళ్ల దగ్గర కుక్కను తీసుకోవచ్చా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. తీసుకోవచ్చుననే నేను నమ్ముతాను, ఎందుకంటే పందేలు ఆగేదాకా వేచి ఉండే వ్యవధి ఆ కుక్కకు లేదు.

పశువైద్యుల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. ఒంట్లో కొవ్వు బాగా తక్కువగా ఉండడం వల్లా, కొన్ని మత్తుమందులను కాలేయం నెమ్మదిగా విరగ్గొట్టడం వల్లా, థయోపెంటోన్ వంటి మందు ఇస్తే గ్రేహౌండ్ తేరుకోవడానికి చాలా సేపు పడుతుంది. రక్తపరీక్షలో ఎర్ర కణాలు ఎక్కువగానూ, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ హార్మోను తక్కువగానూ కనబడడం ఈ జాతికి సహజం. అందుకని గ్రేహౌండ్లను చూసిన అనుభవం ఉన్న వైద్యులను ముందే వెతికి పెట్టుకోండి. పళ్ల గార, అరికాళ్లలో ఆనెలు సాధారణంగా ఉంటాయి, వచ్చిన వారంలోనే చూపించండి.

మన ఇళ్లలో మిగిలిన పప్పన్నమో, పులుసన్నమో కుక్కకు పెట్టడం అలవాటు. దయచేసి అలా పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, పాయసంలోని కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేయగలదు. ఈ మాట భారతదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లకు, ముఖ్యంగా ప్రేమ కొద్దీ చేతిముద్ద పెట్టే అమ్మమ్మలకు, నాయనమ్మలకు, వచ్చిన రోజే చెప్పాలి.

అద్దె ఇల్లన్నారు కదా. 2020 మార్చి 2 నుంచి విక్టోరియాలో ఇంటి యజమాని సరైన కారణం లేకుండా పెంపుడు జంతువును కాదనడానికి వీల్లేదు. మీరు నిర్ణీత ఫారంలో రాతపూర్వకంగా అడిగిన తరువాత, అభ్యంతరం ఉంటే ఆయనే 14 రోజుల్లోగా అద్దె తగాదాలను తేల్చే వీక్యాట్ ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాలి. ఆయన అక్కడికి వెళ్లకుండా ఆ గడువు ముగిశాక గాని, అనుమతి కాగితం చేతికి వచ్చాక గాని కుక్కను చూడడానికి వెళ్లండి. ఒకసారి ఇంటికి అలవాటు పడ్డ గ్రేహౌండ్‌ను మళ్లీ కెన్నెల్‌కు పంపవలసి వస్తే, అది తిండి మానేసి మూలన పడుకోవడం నేను చూశాను.