సమీకరణాలు కుదిరాయి సరే, అత్యవసర నిధి ఏది మాస్టారూ?

ఖమ్మం నుంచి ఒక ప్రైవేటు స్కూల్ లెక్కల మాస్టారు రాశారు. జీతం 46,000, ఇంటి ఖర్చు 35,000, చేతిలో 4 లక్షలు. పిల్లల ఫీజులు ఏడాదికి 70,500, అవి వడ్డీతోనే వెళ్లిపోవాలని ఆలోచన. అందుకని కొంత 7 శాతానికి ఐదేళ్ల ట్యాక్స్ సేవర్ ఎఫ్‌డీలో, మిగతాది తెలిసిన మిర్చి వ్యాపారికి ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి. ఎఫ్‌డీ ఎక్స్, నోటు వై అనుకుని ఎక్స్ + వై = 4,00,000, 0.07 ఎక్స్ + 0.24 వై = 70,500 అని రాసి సాధించారు. "లక్షన్నర ఎఫ్‌డీ, రెండున్నర లక్షలు వ్యాపారికి అని తేలింది, ఇచ్చేయమంటారా? అవసరం పడితే క్రెడిట్ కార్డు ఉంది" అంటున్నారు.

మాస్టారూ, సాధించడంలో తప్పేమీ లేదు. తప్పల్లా మీరు అసలు రాయని మూడో చలరాశిలో ఉంది. ఉన్నదంతా వడ్డీ వచ్చే చోట్లకి పంచేసి అత్యవసర నిధిని సున్నా చేసేయడం చాలామంది చేస్తున్న పనే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఆరు నెలల ఖర్చు 2,10,000 జెడ్ అని పక్కన పెట్టండి. సేవింగ్స్ ఖాతాలో 3 శాతం వేసుకున్నా 6,300 వస్తుంది. ఇక మిగిలింది ఎక్స్ + వై = 1,90,000, 0.07 ఎక్స్ + 0.24 వై = 64,200. సాధిస్తే వై దాదాపు 2,99,400, ఎక్స్ మైనస్ 1,09,400! అంటే లక్షా తొమ్మిది వేలు అప్పు తెచ్చి మరీ వ్యాపారికి ఇస్తే తప్ప మీ ఫీజులు రావు, అదీ 7 శాతానికి. ఆ రేటుకి పర్సనల్ లోన్ మీకెవరిస్తారు? మీ మొదటి లెక్కలోనూ ఈ అప్పు ఉంది, కాకపోతే కార్డు వెనక దాక్కుంది.

ఇంట్లో ఎవరికో ఆపరేషన్ పడిందనుకోండి. ఆ ఎఫ్‌డీ ఐదేళ్లలోపు తీయనివ్వరు, దాని మీద లోనూ ఇవ్వరు. వ్యాపారి దగ్గరికి వెళ్తే సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది, రేటు రానివ్వండి అంటాడు, చేతిలో నోటున్నా కోర్టుకెళ్లి వసూలు చేసేదాకా ఆసుపత్రి ఆగదు కదా. అప్పుడు గీకేది కార్డే. నెలకి మూడున్నర శాతం పడితే ఏడాదికి 42. 24 కోసం ఆశపడి 42 కట్టడం ఏం లెక్క? అప్పు మీద ఆధారపడే ప్లాన్‌ని ప్లాన్ అనకండి, దయచేసి.

నోటు వద్దు. 2,10,000 ముందు పక్కన పెట్టండి, అందులో కొంత ఎప్పుడంటే అప్పుడు తీసుకునే మామూలు ఎఫ్‌డీలో ఉన్నా ఫర్వాలేదు. ట్యాక్స్ సేవర్ సంగతి, మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే ఆలోచించండి, దాని పన్ను మినహాయింపు అందులోనే. చిట్టీ, మ్యూచువల్ ఫండ్స్ సంగతి తర్వాత. ఫీజులకి వడ్డీ అక్కర్లేదు, జీతంలో మిగిలే 11,000లోంచి నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ)లో 5,875 కడితే ఏడాదికి సరిగ్గా 70,500. మిగతా ఐదు వేల చిల్లరలోంచి ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.