కత్తెరకూ తొందరొద్దు, గోల్డ్ లోన్‌కూ తొందరొద్దు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నెలకు పాతిక వేలు మిగిలేవి. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయిందని రెండు వారాల కిందట ఆపరేషన్ చేశారు. ఆరు వారాలు కట్టు ఉంటుందని, గట్టి పట్టు రావడానికి మూడు నెలల పైనే పడుతుందని చెప్పారు. మావారి జీతం 32 వేలు. ఇంటి ఖర్చు, 5 వేల చిట్టీ, 3 వేల సిప్, డ్వాక్రా కిస్తీ కలిపి నెలకు 46 వేలు అవుతోంది. లక్ష ఎఫ్‌డీ ఉంది. శ్రావణ మాసం ఆర్డర్లు మొదలయ్యాయి. గోల్డ్ లోన్ తీసుకోవాలా, చిట్టీ పాడాలా, కట్టు తీయగానే మిషన్ మీద కూర్చోవాలా?

జవాబు: ముందు చివరి ప్రశ్నకు చెబుతాను. డాక్టరు గారు సరేననే దాకా కూర్చోవద్దమ్మా. లైనింగ్ గుడ్డ మడతలు వేసి కత్తిరించేటప్పుడు బరువంతా బొటనవేలి మీదే పడుతుందని మీకు వేరే చెప్పాలా? కీలు మళ్లీ వాచిందంటే పోయేది ఒక్క శ్రావణం కాదు. అందుకే కింది లెక్కంతా ఆ వేలికి మూడు నెలలు విశ్రాంతి ఇవ్వడానికే వేశాను.

ఇప్పుడు నెలకు 14 వేలు లోటు. సిప్‌ను, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదాను, మూడు నెలలు ఆపమని ఫండ్ సంస్థకు ఇప్పుడే చెప్పండి, చాలా ఫండ్లలో పాజ్ సౌకర్యం ఉంది. ఖాతాలో డబ్బు లేక వాయిదా బౌన్స్ అయితే బ్యాంకు ఛార్జీ వేస్తుంది. దీంతో లోటు 11 వేలకు తగ్గుతుంది. దానికి పనిమనిషికి 4 వేలు, ఫిజియోథెరపీకి 4 వేలు కలపండి, 19 వేలవుతుంది. పనిమనిషి దండగ అనుకోకండి. బట్టలు పిండడం, కుక్కర్ మూత తిప్పడం, చపాతీలు ఒత్తడం ఇవన్నీ ఎడమ చేతి మీద పడితే ఆ బొటనవేలూ నొప్పి మొదలెడుతుంది. ఈ అరుగుదల చాలామందిలో రెండు చేతులకూ వస్తుంది.

ఆర్డర్లు మాత్రం వదులుకోవద్దు. కొలతలు, డిజైన్, ట్రయల్ మీరు చూసుకోండి. కటింగ్, కుట్టు పీస్ రేటుకు ఇవ్వండి, హుక్స్, హెమ్మింగ్ కూడా. జాకెట్‌కు 500 తీసుకుని 300 కుట్టేవాళ్లకు ఇస్తే, నెలకు 40 జాకెట్లకు 8 వేలు మిగులుతాయి. మీ ఖాతాదారులు వేరే షాపు చూసుకోకుండా ఉండటం ఆ 8 వేల కన్నా విలువైనది.

19 వేలలో ఆ 8 వేలు పోతే ఇక నికర లోటు నెలకు 11 వేలు, మూడు నెలలకు 33 వేలు. దీనికి బంగారం బ్యాంకులో పెట్టనక్కర్లేదు. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినప్పుడు కావలసినంత వాడుకునే అప్పు. వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది, అదీ వాడుకున్న డబ్బుకే. ఈ మొత్తానికి మూడు నెలల వడ్డీ వెయ్యి కూడా దాటదు. చిట్టీ పాడొద్దు. అవసరం తొందరలో ఉన్నవాళ్లే పాటలో ఎక్కువ వదులుకుంటారు. వాయిదా మాత్రం తప్పకుండా కట్టండి, లేదంటే డివిడెండ్ పోవచ్చు. డ్వాక్రా కిస్తీ కూడా అంతే, అక్కడ గ్రూపు మొత్తానికి చెడ్డపేరు వస్తుంది.

ఆపరేషన్ ఖర్చు ఆరోగ్య బీమాలో వచ్చి ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు చాలా పాలసీల్లో 60 రోజుల వరకే ఇస్తారు. మీ కట్టు ఆరు వారాలకు, అంటే 42వ రోజుకు విప్పుతారు. ఫిజియోథెరపీ బిల్లులకు మిగిలేది సుమారు 18 రోజులే. కొన్ని పాలసీల్లో గడువు ఎక్కువ ఉంటుంది కాబట్టి మీ పాలసీ కాగితం చూడండి. ఎన్ని సిట్టింగులు కావాలో డాక్టరు గారితో ముందే రాయించుకుని, వీలైనన్ని ఆ గడువులోపే పెట్టించుకోండి. ప్రతి బిల్లుకూ తేదీ, పేరు ఉండాలి.

బ్యాంకు సంతకం ఎడమ చేత్తో కుదరదు, చెక్కు తిరిగొస్తుంది. ఈ మూడు నెలలూ చెల్లింపులు ఫోన్‌లోనే చేయండి. ఆధార్ వేలిముద్రకు కుడి బొటనవేలే కావాలని లేదు, మిగతా వేళ్లలో ఏదైనా పెట్టవచ్చు. మీ ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంటే, ఈ వారంలోనే మీవారిని జాయింట్‌గా చేర్చమని మేనేజరును అడగండి. ఇద్దరిలో ఎవరైనా నడిపే పద్ధతి ఎంచుకోండి.